మూడో చెవి

రాజాం దాటాక బొబ్బిలి రోడ్డులో
గోగునార కొనే గోదాం.
కాటా గదిలో పాత కంప్యూటరు.
మూత తీస్తే ముందు నార దుమ్ము,
దాని కింద బల్లిగుడ్ల పెంకులు రెండు,
దాని కింద, ఇంకా ఊపిరాడుతున్న బోర్డు.

వెనకవైపు రెండే రెండు పోర్టులు,
ఒక్కోదానికి తొమ్మిదేసి సూదులు.
ఒకదాన్లో కాటా బరువు చెబుతుంది.
రెండోదాన్లో చీటీల మిషను
కిర్రుకిర్రుమంటూ వింటుంది.
తేమ కొలిచే పెట్టె మాత్రం
కొన్నప్పటినుంచీ మూగది.
దాని తరఫున తవిటయ్యే మాట్లాడతాడు.
కట్టలో మేకులు గుచ్చి,
అద్దంలోకి తానొక్కడే చూసి
"ఇరవై రెండూ!" అని కేకేస్తాడు.
గౌరీశ్వరి టైపు కొడుతుంది.
క్వింటాకిన్ని కేజీలు
తడి పేరు చెప్పి ఎగిరిపోతాయి.

"మూడోది పెట్టగలవేటి బాబూ?
అరిసి అరిసి ఆయన గొంతు పోతంది,
ఇని ఇని నా సెవులు పోతన్నాయి."
ఫోనులో అంతే అడిగింది గౌరీశ్వరి.
అంతకు మించి ఏమైనా అడిగిందా అన్నది
నాకిప్పటికీ తెలీదు.

విజయనగరం గంటస్తంభం వెనక సందులో
మూతబడిన నెట్ సెంటరు సామాన్ల బుట్టలో
దొరికిందా కార్డు, నూట ఎనభైకి.
ఒక మర విప్పాను.
ఖాళీ కన్నానికి అడ్డున్న వేలెడు రేకు తీసి
చొక్కా జేబులో వేసుకున్నాను.
కార్డు నొక్కితే
గడియ పడ్డ చప్పుడు.

అయినా కాటా పలికితే తేమ పెట్టె పలకదు.
ఒకటో గుమ్మానికీ మూడో గుమ్మానికీ
ఒకటే గంట, నాలుగో నంబరుది.
మోగగానే లోపలివాడు లేచి
అలవాటైన తలుపే తీస్తాడు.
మూడో గుమ్మం ముందు నిలబడ్డవాడు
నిలబడే ఉంటాడు.

గంట మార్చాలి. నాలుగు కాదు, అయిదు.
చిటికెన గోరంత నల్లటోపీ
ఒక సూది మీంచి తీసి ఇంకో సూదికి పెట్టబోతే
జారి నార దుమ్ములో పడింది.
టార్చి వేసి, గౌరీశ్వరి తలపిన్నుతో
అరగంట వెతికాం ఇద్దరం.

ఆపైన తీగలు.
దాని నోరు దీని చెవికి, దీని నోరు దాని చెవికి.
నోటికి నోరు కలిపితే
ఇద్దరూ చెబుతారు, వినేవాడుండడు.
ఆపైన వేగం.
తెర నిండా పిచ్చిగీతలు, చుక్కలు, సగం అక్షరాలు.
తొమ్మిదివేల ఆరువందలు దాని వల్ల కాదు,
రెండువేల నాలుగువందలే.
ముసలి నడక. సరే, మనమే ఆగుదాం.

నాలుగున్నరకి తెర్లాం నుంచి ఆటోలో
నార వేసుకొచ్చింది చిన్నమ్మడు.
తవిటయ్య మేకులు గుచ్చాడు,
అలవాటుగా తలెత్తాడు,
"ఇరవై రెండూ!"

తెరమీద అప్పటికే పదిహేడు.

ఎవరూ ఏమీ అనలేదు.
లోపల చిన్న ఫ్యాను తిరుగుతోంది.
మిషను చీటీ కక్కింది, అందులోనూ పదిహేడే.
చిన్నమ్మడు దాన్ని వెలుగుకి పట్టుకుంది.
"అచ్చరాలు రావు గానీ అంకెలొచ్చును నాకు" అంది.
కాసేపాగి,
"పోయినేడు కూడా ఎండబెట్టే తెచ్చినాను బాబూ."
నాలుగు మడతలు పెట్టి రొండిన దోపుకుంది.
తవిటయ్య బయటికెళ్ళి
బీడీ వెలిగించుకున్నాడు.
అతని గొంతు నిజంగానే బొంగురుపోయింది.

తొమ్మిదో రోజున గుమస్తా ఫోను.
"ఆ మూడోది పీకీ. పాడైపోనాదని రాసీ."
బాగానే ఉంది కదండీ అన్నాను.
"రాసీమన్నాను గానీ
బాగుందా నేదా అని అడగనేదు."

కార్డు పీకితే కన్నం మూయాలి,
మూయడానికి ఆ రేకు కావాలి.
అదెక్కడో పడిపోయిందండీ, దొరికాక వస్తాను అన్నాను.
చాలా చిన్న అబద్ధం.
ఏ అట్టముక్క అడ్డుపెట్టినా సరిపోతుందని
ఆయనకీ తెలుసు.

ఇవాళ కాంప్లెక్సులో రాజాం బస్సు కోసం నిలబడ్డాను,
సంచిలో స్క్రూడ్రైవరు,
జేబులో చెయ్యి,
చేతికి చల్లగా తగులుతూ రేకు.
ఇది రెండో బస్సు.
దీన్ని కూడా పోనిచ్చాను.